అణువు ఒక్కటే ఏం చేస్తుంది?

పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం బెజవాడలో పని చూసుకుని బయటికొచ్చేసరికి నా బండి మీటర్ నల్లగా ఉంది. డిజిటల్ మీటర్. అంకెలు లేవు, పెట్రోలు గీతలు లేవు, గాజు కింద సిరా ఒలికినట్టు మొత్తం ఒకటే నలుపు. రెండు గంటలు ఎండలో నిలబెట్టాను మరి, సీటు మీద చెయ్యి పెట్టలేకపోతున్నాను. పక్కనే ఉన్న మెకానిక్ వంగి చూసి, "లోపల డిస్‌ప్లే కాలిపోయింది మేడం. సెట్టు మొత్తం మార్చాలి," అన్నాడు. రేటు కూడా చెప్పేశాడు. నేను చేతిరుమాలు తడిపి మీటర్ మీద పరిచాను. అతను నన్నోసారి, రుమాలునోసారి చూశాడు. మూడు నాలుగు నిమిషాలకి ఎడమ మూల నుంచి నలుపు విడవడం మొదలైంది. కిలోమీటర్లలో ఒక అంకె బయటపడింది, దాని వెనకే ఇంకోటి.

"అరె," అన్నాడు. రేటు మాత్రం వెనక్కి తీసుకోలేదు, "ఎప్పటికైనా మార్చాల్సిందే" అన్నాడు.

నిజానికి అక్కడేమీ కాలలేదు. ఆ గాజు పలకల మధ్య ఉన్నది ద్రవ స్ఫటికం. పారడానికి ద్రవంలాగే పారుతుంది, కానీ అందులోని పుల్లల్లాంటి అణువులు దాదాపు ఒకే దిక్కుకి తిరిగి ఉంటాయి. పంటకాలువలో కొట్టుకుపోయే గడ్డిపరకల్ని చూడండి: ఏదీ ఉన్నచోట ఉండదు, అయినా అన్నీ నీటివాలుకే పడుకుని ఉంటాయి. మీటర్‌లో ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు పోలరాయిడ్ రేకులుంటాయి, ఒక్కోటీ ఒకే దిక్కున కంపించే కాంతినే దాటనిస్తుంది. వాటి మధ్య ఈ అణువులు మెట్ల వరసలా మెలితిరిగి, వచ్చిన కాంతిని తమతోపాటు తిప్పి రెండో రేకు దాటిస్తాయి. అంకె కనపడాల్సిన చోట వోల్టేజీ ఇస్తే అణువులు లేచి నిలబడతాయి, మెలిక పోయి అక్కడ మాత్రం నల్లగా కనిపిస్తుంది. ఒక స్థాయి దాటి వేడెక్కిందా, ఆ వరస చెదిరి మామూలు నూనెలాంటి ద్రవమైపోతుంది. తిప్పేవాళ్ళు లేక కాంతి అక్కడే ఆగిపోతుంది, పలక నల్లబడుతుంది. చల్లబడితే వరస మళ్ళీ దానంతటదే కుదురుతుంది. ఆ హద్దు ఉష్ణోగ్రతని క్లియరింగ్ పాయింట్ అంటారు. మబ్బుగా ఉన్న ద్రవం ఒక్కసారిగా తేటపడే చోటు కాబట్టి ఆ పేరు.

మెకానిక్ మీద నాకు కోపం లేదు. మే నెల ఎండకి నల్ల ప్లాస్టిక్ గుల్లలో మూసిన గాజు ఎంత వేడెక్కుతుందో పట్టించుకోకుండా అందులో ఏ మిశ్రమం పోయాలో ఎవరో నిర్ణయించారే, కోపం వాళ్ళ మీద. 80 డిగ్రీలు దాటినా చెదరని మిశ్రమాలు దశాబ్దాలుగా దొరుకుతున్నాయి. ఇక్కడ తప్పు అణువుది కాదు, ఎంపికది. నా పాత పేచీ కూడా సరిగ్గా ఇదే.

ద్రవ స్ఫటికాల మీద నేను ఐదేళ్ళు పీహెచ్‌డీ చేశాను. "ప్రయోజనకర పదార్థాలుగా ద్రవ స్ఫటికాల రూపకల్పన" అనే మాట మా సెమినార్లలో రోజూ వినపడేది. దాని అర్థం ఆచరణలో ఇదీ: కాగితం మీద రెండు బెంజీన్ వలయాలు గీసి, మధ్యలో ఒక వంతెన పెట్టి, రెండు చివర్లా కార్బన్ తోకలు తగిలించి, తోక పొడుగు ఒక్కో కార్బన్ చొప్పున పెంచుకుంటూ పోవడం. పన్నెండు తోకలకి పన్నెండు పదార్థాలు. పన్నెండింటికీ మైక్రోస్కోపు కింద ఫోటోలు, కరిగే ఉష్ణోగ్రతలు. చివర్లో ఒక వాక్యం, "ఈ పదార్థాలు డిస్‌ప్లేలలో ఉపయోగపడగలవు" అని. నా థీసిస్‌లోనూ ఆ వాక్యం ఉంది. రాసేటప్పుడు సిగ్గనిపించలేదు, ఇప్పుడు అనిపిస్తుంది. ఎందుకంటే ఏ డిస్‌ప్లే, ఎన్ని వోల్టులు, ఎంత చలి, ఎంత వేడి, ఎన్నేళ్ళు అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. మమ్మల్ని మేమూ అడగలేదు.

మొదటి దెబ్బ వానాకాలంలో తగిలింది. ఎంబీబీఏ అని ఒక పదార్థం ఉంది. 1969లో జర్మనీలో కెల్కర్ బృందం దాన్ని వెలుగులోకి తెచ్చింది. గది వేడిమి దగ్గరే నెమాటిక్‌గా, అంటే ఆ గడ్డిపరకల దశలో ఉండే మొదటి పదార్థంగా పేరు. 22 డిగ్రీల నుంచి 47 దాకా ఉంటుంది. పసుపు రంగు, మబ్బుగా, కొంచెం చిక్కగా. నేను తయారుచేసిన గొట్టంలోంచి ఒక చుక్క గాజు పలక మీద వేసి, మైక్రోస్కోపు కింద వేడిచేసే స్టేజీ మీద, అడ్డంగా పెట్టిన రెండు పోలరాయిడ్ల మధ్య పెట్టి చూశాను. 46 దగ్గర తేటపడింది. చిమ్మచీకటి. మళ్ళీ చల్లార్చుతుంటే ఆ చీకట్లో చిన్న చిన్న గుండ్రటి చుక్కలు మెరుస్తూ పుట్టాయి, ఒకదాన్నొకటి మింగుతూ పెద్దవయ్యాయి, కాసేపటికి కంటిముందంతా రంగుల నేలా, దానిమీద నల్లటి కుంచె గీతలూ పరుచుకున్నాయి. కవర్ స్లిప్‌ని సూదిమొనతో తాకితే రంగులన్నీ పారతాయి. ఆ రోజు అన్నం తినడం మర్చిపోయాను.

వారం తర్వాత అదే గొట్టం, అదే స్టేజీ: 44. శ్రావణమాసం వెళ్ళేసరికి 40. మొదట థర్మామీటర్ని అనుమానించాను, తర్వాత నన్ను నేను అనుమానించుకున్నాను. ఒకరోజు మూత తీస్తే లోపల్నుంచి సోంపు లాంటి తియ్యటి వాసన. అదే జవాబు. ఎంబీబీఏ షిఫ్ బేస్ జాతి పదార్థం. దాని నడుమ ఉన్న వంతెనకి నీళ్ళంటే పడదు. గాలిలో తేమ చాలు, రెండు ముక్కలైపోతుంది. అందులో ఒక ముక్క అనిసాల్డిహైడ్, ఆ సోంపు వాసన దానిదే. మా ల్యాబులో తేమ తీసిన పెట్టె లేదు, ఎయిర్ కండిషనర్ ఉంది కానీ కరెంటు ఉన్నప్పుడే. మూడు నెలల కొలతలు నేను ఎంబీబీఏ మీద కాదు, ఎంబీబీఏ కుళ్ళు మీద చేశానన్నమాట.

ఈ కుటుంబానికి మన ప్రాంతంతో సంబంధం ఉంది. గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రవేత్తలు ఎన్ఓ.ఎం అనే షిఫ్ బేస్ వరస మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఎన్ ఒక చివరి తోక పొడుగు, ఎం రెండో చివరిది. ఆ లెక్కన ఎంబీబీఏ 1ఓ.4 అవుతుంది. దశ మారేటప్పుడు సాంద్రత ఎంత దూకుతుందో సన్నటి గాజు గొట్టాల్లో ఓపిగ్గా కొలిచిన పని అది. తోకలో కార్బన్లు సరిసంఖ్య అయితే ఒకలా, బేసి అయితే ఇంకోలా క్లియరింగ్ పాయింట్ ఎగుడుదిగుడుగా నడుస్తుంది. అలాంటి విషయాలు అర్థం కావాలంటే వరస మొత్తం చెయ్యాల్సిందే. ఆ పనిని నేను తక్కువ చెయ్యడం లేదు. దాన్ని "రూపకల్పన" అని పిలవడంతోనే నా తగాదా. కొలవడం వేరు, ఒక పని కోసం తయారుచెయ్యడం వేరు.

రెండోది ఎలా ఉంటుందో తెలియాలంటే ఇంగ్లండ్‌లో హల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాలి. 1968లో అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ హైల్‌మైర్ నాయకత్వంలో ద్రవ స్ఫటికాల డిస్‌ప్లేని పత్రికలవాళ్ళకి చూపించింది. అందరూ ఎగబడ్డారు. 1970 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లో షాట్, హెల్ఫ్రిష్ ఇద్దరూ ఇందాక నా మీటర్ సంగతిలో చెప్పిన మెలితిరిగిన అమరికకి పేటెంటు వేశారు. పరికరం ఉంది, సిద్ధాంతం ఉంది, పొయ్యడానికి సరైన ద్రవమే లేదు. షిఫ్ బేసులు తేమకి చెడిపోతాయి. వేరే వంతెనలున్నవీ అంతే: అజో పదార్థాలకి రంగు. స్టిల్‌బీన్లు అతినీలలోహిత కాంతికి పాడవుతాయి. బ్రిటిష్ రక్షణశాఖ 1970లో ఈ చిక్కు విప్పమని హల్‌లో జార్జ్ గ్రే అనే రసాయన శాస్త్రవేత్తతో ఒప్పందం చేసుకుంది. అప్పటికి ఆయన ఈ రంగంలో ఇరవయ్యేళ్ళకి పైగా పని చేసి ఉన్నాడు. ఎవరికీ పనికిరాని సంగతి అనిపించుకున్న కాలమంతా ఆయన అందులోనే ఉన్నాడు.

గ్రే చేసింది చూడండి. పాడైపోయే పదార్థాలన్నిటిలోనూ రోగం ఒక్కచోటే ఉంది, రెండు వలయాల్ని కలిపే వంతెనలో. అందరూ మంచి వంతెన కోసం వెతుకుతున్నారు. ఆయన వంతెనే తీసేశాడు. రెండు బెంజీన్ వలయాల్ని నేరుగా అతికించాడు, ఒక చివర సయనో గుంపు (కార్బన్, నైట్రోజన్ జంట), రెండో చివర ఐదు కార్బన్ల తోక. 1972లో తయారై, మరుసటేడు అచ్చయింది. దాని పేరు 5సీబీ. రంగు లేదు, తేమకి చెక్కుచెదరదు, తక్కువ వోల్టేజీకే కదులుతుంది.

కథని చాలామంది ఇక్కడ ఆపేస్తారు, గ్రే ఒక అద్భుతమైన అణువు కనిపెట్టాడు, మన చేతికి వాచీలు వచ్చాయి అని. కానీ 5సీబీ నెమాటిక్‌గా ఉండేది 24 నుంచి 35 డిగ్రీల మధ్యే. ఆ వాచీ పెట్టుకుని లండన్ చలిలో బయటికెళ్తే గడ్డకట్టే ప్రమాదం, మన ఎండలో నిలబడితే నల్లబడటం ఖాయం. అణువు ఎంత గొప్పదైనా పదకొండు డిగ్రీల బతుకు దానిది.

అక్కడ రంగంలోకి దిగింది ఇంగ్లండ్‌లోనే మాల్వర్న్‌లోని రక్షణ పరిశోధన కేంద్రం. పీటర్ రేన్స్ అనే భౌతికశాస్త్రవేత్త ఏ పదార్థాన్ని ఎంత పాలు కలిపితే మిశ్రమం ఎక్కడ గడ్డకడుతుందో, ఎక్కడ తేటపడుతుందో లెక్కగట్టాడు. పాలైసు బండివాడు ఐసులో ఉప్పు ఎందుకు కలుపుతాడో తెలుసుగా? రెండు కలిస్తే, ఏ ఒక్కటీ విడిగా కరగనంత చలిలో కూడా కరుగుతాయి. ఆ సూత్రమే ఇక్కడ నాలుగు పదార్థాలతో. వచ్చిన మిశ్రమం పేరు ఈ7. పాళ్ళు చెప్తాను, నాకు కంఠతా వచ్చు: 5సీబీ 51 శాతం, తోకలో ఏడు కార్బన్లున్న దాని చెల్లెలు 25, ఆక్సిజన్ తగిలించిన ఎనిమిది కార్బన్లది 16, మూడు వలయాల పొడుగాటి అణువు 8. ఆ నాలుగోది విడిగా 130 డిగ్రీలకి గానీ కరగదు, రాయిలాంటి పొడి. దాన్ని 8 పాళ్ళు వేస్తే మిశ్రమం క్లియరింగ్ పాయింట్ అమాంతం పైకి లేస్తుంది. మొత్తానికి మైనస్ 10 నుంచి 60 దరిదాపుల దాకా నెమాటిక్. నాలుగింటిలో ఒక్కటీ విడిగా ఆ పని చెయ్యలేదు.

అందుకే అంటున్నాను, పనిచేసేది మిశ్రమం, అణువు కాదు. ఇది మాటవరసకి అంటున్నది కాదు. అణువులో ఒక గుణం పెంచితే ఇంకోటి చెడుతుంది. ధ్రువత, అంటే అణువు ఒక చివర ప్లస్సు, ఇంకో చివర మైనస్సు వైపు మొగ్గడం, పెంచితే కావాల్సిన వోల్టేజీ తగ్గుతుంది, చిక్కదనం పెరిగి బొమ్మ నెమ్మదిస్తుంది. వలయాలు పెంచితే వేడికి తట్టుకుంటుంది, చలికి గడ్డకడుతుంది. పక్కకి ఒక ఫ్లోరిన్ తగిలిస్తే గడ్డకట్టడం తగ్గుతుంది, దానితోపాటు క్లియరింగ్ పాయింటూ దిగిపోతుంది. అన్నీ ఉన్న అణువు ఏదీ లేదు, ఉండదు కూడా. పొర మందం సగం చేస్తే వేగం నాలుగింతలవుతుంది. అది రసాయన శాస్త్రం చేతిలో లేనే లేదు, గాజు పలకల మధ్య దుమ్ము లేకుండా చూసుకునే ఫ్యాక్టరీ చేతిలో ఉంది. పలక లోపలి పాలిమర్ పూతని మఖమల్ లాంటి గుడ్డతో ఒకే దిక్కుకి రుద్దుతారు, అణువులు ఆ రుద్దిన దారి పట్టుకుని పడుకుంటాయి. లక్షల రూపాయల టీవీకి మూలం గుడ్డతో రుద్దడం! మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు.

కాలం మారితే మంచి అణువు చెడ్డదైపోవడం కూడా ఉంది. ల్యాప్‌టాప్‌లు, టీవీలు వచ్చాక ఒక్కో చుక్క వెనక ఒక్కో ట్రాన్సిస్టర్ పెట్టారు. అది సెకనుకి అరవైసార్లు ఛార్జి పోసి వెళ్ళిపోతుంది. మళ్ళీ వచ్చేదాకా ఆ ఛార్జిని ద్రవం కాపాడాలి. గ్రే వాడిన సయనో గుంపు వాచీల్లో ఏ గుణంతో గెలిచిందో ఆ ధ్రువతే ఇక్కడ శత్రువైంది. అది మలినపు అయాన్లని తన చుట్టూ చేర్చుకుంటుంది, ఛార్జి కారిపోతుంది, బొమ్మ మినుకుమినుకుమంటుంది. జర్మనీలో మెర్క్ కంపెనీ, జపాన్‌లో ఇంకొందరు సయనో బదులు ఫ్లోరిన్లు పెట్టిన కుటుంబాలు తయారుచేశారు. ఇప్పుడు ఒక టీవీలో పోసే ద్రవంలో పది నుంచి ఇరవై రకాల అణువులుంటాయి. 5సీబీలో ఏ మార్పూ లేదు, మారిందల్లా దాని వెనక ఉన్న తీగ, అంటే ఆ ట్రాన్సిస్టర్. మరి ఆ గుణం అణువుదంటామా, తీగదంటామా?

మన దేశం కథ నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. 1977లో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్, సదాశివ, సురేశ్ ముగ్గురూ పుల్లల్లాంటివే కాదు, బిళ్ళల్లాంటి అణువులు కూడా ద్రవ స్ఫటికాలవుతాయని చూపించారు. ఒక బెంజీన్ వలయం, దాని చుట్టూ ఆరు తోకలు. పెళ్ళి భోజనాలకి తెచ్చిన విస్తళ్ళ కట్టల్లా ఆ అణువులు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని స్తంభాలు కడతాయి. 1888లో ప్రేగ్‌లో రైనిట్జర్ క్యారెట్ల కొలెస్ట్రాల్‌తో చేసిన పదార్థం రెండుసార్లు కరగడం చూసి ద్రవ స్ఫటికాల కథ మొదలుపెట్టినప్పటి నుంచి తొంభై ఏళ్ళపాటు ఈ రంగమంతా దాదాపు పుల్లల చుట్టూనే తిరిగింది. దాన్ని మలుపు తిప్పిన వ్యాసం అచ్చయింది మన 'ప్రమాణ' పత్రికలోనే. ప్రపంచస్థాయి ఆవిష్కరణ, సందేహమే లేదు.

ఆ బిళ్ళలు ఇళ్ళలోకి వచ్చింది మాత్రం జపాన్ ఫూజీ కంపెనీ ఫిల్ముగా, 1990ల నడిమిలో. పాత ల్యాప్‌టాప్ తెరని పక్కనుంచి చూస్తే రంగులు తిరగబడిపోయేవి, గుర్తుందా? నలుపు చూపించాల్సిన చోట నిలబడ్డ పుల్లలు పక్కచూపుకి కాంతిని వదిలేస్తాయి. బిళ్ళల కాంతి గుణం పుల్లలకి సరిగ్గా వ్యతిరేకం. కాబట్టి వాలుగా పేర్చిన బిళ్ళల పొర ఒకటి తెరకి అంటిస్తే పుల్లల తప్పుని బిళ్ళలు కొట్టేస్తాయి. ఫూజీ వాళ్ళు ట్రైఫినిలీన్ అనే చదునైన అణువుని తీసుకుని, వాలుగా పేర్చి, కాంతితో ఆ పేర్పుని శాశ్వతంగా బిగించేశారు. ఆ ఫిల్ములో బిళ్ళలు కదలవు, మెదలవు, కరెంటు కూడా తగలదు. కదలకపోవడమే వాటి పని! దీనికి కావలసింది కొత్త అణువుని కలగనడం కాదు, పక్కనుంచి చూస్తే తెర బాగాలేదన్న ఫిర్యాదుని వినడం. బెంగళూరులో తెర తయారుచేసేవాళ్ళు పక్కగదిలో లేరు. 1991లో చంద్రశేఖర్ భారత్ ఎలక్ట్రానిక్స్ సాయంతో జాలహళ్ళిలో ప్రత్యేకంగా ద్రవ స్ఫటికాల పరిశోధన కేంద్రమే పెట్టారు. కానీ ఒక కేంద్రం ఎంత చేసినా, దాని చుట్టూ ఫ్యాక్టరీల ఊరు లేకపోతే ఫిర్యాదులు ఎక్కణ్ణుంచి వస్తాయి?

నా వాదనకి ఎదురుదెబ్బ కూడా ఒకటుంది, దాన్ని దాచను. 1916లో మాక్స్ బార్న్ అనే భౌతికశాస్త్రవేత్త ఒక మాట ఊహించాడు: నెమాటిక్ అణువులు ఒకే దారిలో పడుకోవడమే కాదు, తలలన్నీ ఒకే వైపు పెట్టి పడుకోగలవని. మామూలు నెమాటిక్‌లో సగం అటు తల, సగం ఇటు తల. నూరేళ్ళు అలాంటిది కనపడలేదు. 2017లో ఇంగ్లండ్ యార్క్ నుంచి ఆర్‌ఎం734, జపాన్ నుంచి డీఐఓ అనే రెండు అణువులు వేరువేరుగా వచ్చాయి. 2020లో అమెరికాలో కొలరాడో బృందం ఆర్‌ఎం734లో తలలన్నీ ఒకేవైపు ఉన్నాయని నిరూపించింది. ఆర్‌ఎం734కి పక్కన ఒక మిథాక్సీ గుంపు పొడుచుకుని ఉంటుంది. పుల్ల నునుపుగా ఉండాలన్న పాఠానికి విరుద్ధం. మేమైతే ఆ అణువుని గీసిన వెంటనే కొట్టేసేవాళ్ళం. అంటే ఒంటరి అణువుతో ఆడుకునేవాళ్ళు ఉండాలి, పనికిమాలినట్టు కనపడే వాటిని తయారుచేసేవాళ్ళూ ఉండాలి. ఒప్పుకుంటున్నాను. అయితే ఆర్‌ఎం734 ఆ దశలోకి వెళ్ళేది 133 డిగ్రీల దగ్గర. దాన్ని గది వేడిమికి దింపే పని మళ్ళీ మిశ్రమాలు కలిపేవాళ్ళ మీదే పడింది.

మా దగ్గర మిశ్రమం అంటే చిన్నచూపు ఉండేది. ఒకసారి మా సెమినార్లో, నా పదార్థాన్ని ఇంకోదానితో కలిపి చూస్తానంటే, "కలపడంలో కొత్త ఏముందమ్మా, నువ్వు చేసిన అణువేది?" అన్నారు ఒక పెద్దాయన. పది కొత్త అణువులకి పది పేపర్లు. ఒక మిశ్రమాన్ని ఆరు నెలలు ఫ్రిజ్‌లో పెట్టి గడ్డకట్టలేదని చూస్తే దానికి అర పేపరు కూడా రాదు. ఆ ఆర్నెల్ల ఫ్రిజ్ పరీక్షే కంపెనీవాడికి కావాల్సింది.

నా జూనియర్ ఒకబ్బాయి ఇప్పుడు పీహెచ్‌డీలో ఉన్నాడు. మొన్న సంక్రాంతికి ఫోన్ చేసి, "అక్కా, పదకొండు పదార్థాలు చేశాను. అన్నీ 90 పైనే కరుగుతున్నాయి. పన్నెండోదానికి తోక ఎంత పెట్టమంటావ్?" అన్నాడు. తోక సంగతి వదిలెయ్యమన్నాను. ఈ7 ఒక చిన్న సీసా తెప్పించుకుని, నీ పదకొండింటిలో బాగా వేడికి తట్టుకునేది తీసి, 10 శాతం కలిపి, ఫ్రిజ్‌లో పెట్టి చూడమన్నాను. గైడు ఏమంటారో అని టెన్షన్ పడ్డాడు గానీ చేశాడు. క్లియరింగ్ పాయింట్ బాగానే లేచిందట. మూడో రోజు పొద్దున సీసా అడుగున సన్నటి తెల్ల సూదులు కనపడ్డాయని ఫోటో పంపాడు. ఫోటోలో సీసా పక్కనే ఎవరిదో పెరుగు డబ్బా కూడా ఉంది.

ఇప్పుడు 7 శాతం కలిపి పెట్టాడు.